హైదరాబాద్‌లో లారీ నడపడానికి హెవీ లైసెన్స్ ఎలా తీసుకోవాలి?

ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా ఒకటే మాట, "ఏజెంట్‌కి ఇచ్చేయ్ అన్నా, అంతా వాడే చూసుకుంటాడు" అని. నేనైతే ఏజెంట్‌కి ఇచ్చే డబ్బు ట్రైనింగ్‌లో పెట్టమంటాను. కాగితాల పని ఫోన్ చేతిలో ఉంటే మీరే చేసుకోవచ్చు. పెద్ద బండిని ఇరుకు సందులోంచి వెనక్కి తీసే పని మాత్రం మీ బదులు ఇంకొకరు చేసిపెట్టరు. కానీ మనవాళ్లు కాగితాలకు వేలు పోసి, ట్రైనింగ్ దగ్గర మాత్రం "సర్టిఫికెట్ ఇస్తే చాలు" అంటారు.

అసలు మీకు హెవీ అవసరమా లేదా, ముందు అది చూసుకోండి. మీరు తోలబోయే బండి ఆర్‌సీ తీసి, లోడుతో కలిపి మొత్తం బరువు ఎంత రాశారో చూడండి. అది 7,500 కిలోలు దాటకపోతే మామూలు కారు లైసెన్స్, అంటే ఎల్‌ఎంవీ సరిపోతుంది. దీని మీద ఇన్సూరెన్స్ కంపెనీలు ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడాయి, చివరికి 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ తేల్చి చెప్పింది, ఆ బరువు లోపు కమర్షియల్ బండికి ఎల్‌ఎంవీ ఉన్నవాళ్లు విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎంట్రీ తీసుకోనక్కర్లేదని. కాబట్టి టాటా ఏస్, బొలేరో పికప్ లాంటివి తోలుకునేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. లారీ, టిప్పర్, కంటైనర్, ట్రైలర్ అంటారా, మిగతాది చదవండి.

ఎవరికి ఇస్తారు?

వయసు 20 నిండాలి, 18 కాదు. ఎల్‌ఎంవీ లైసెన్స్ వచ్చి కనీసం ఏడాది అయ్యుండాలి. బైక్ లైసెన్స్ మాత్రమే ఉండి, అది తీసుకుని పదేళ్లయినా లెక్కలోకి రాదు, ముందు ఎల్‌ఎంవీ తీసుకుని ఏడాది ఆగాల్సిందే. చదువు సంగతి చాలామంది ఇంకా అడుగుతుంటారు. ఒకప్పుడు ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే రూల్ ఉండేది, 2019లో కేంద్రం దాన్ని తీసేసింది. అయితే ఉద్యోగం ఇచ్చేవాళ్లు విడిగా అడగొచ్చు. ఆర్టీసీ డ్రైవర్ పోస్టుకే పోవాలనుకుంటే పదో తరగతి మెమో ఉంటే మంచిది.

కాగితాలు

ఇప్పుడున్న లైసెన్స్, ఆధార్, అడ్రస్ ప్రూఫ్, ఫొటోలు, ఫామ్ 1ఏ మెడికల్ సర్టిఫికెట్. వీటిలో గొడవ వచ్చేది పేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాత లైసెన్స్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక. స్లాట్ రోజు కౌంటర్ దగ్గర ఇది బయటపడితే ఆ రోజు కూలీ పోయినట్టే. ముందే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, తేడా ఉంటే సరిచేయించుకున్నాకే అప్లై చేయండి. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ పని చేస్తోందో లేదో కూడా చూసుకోండి, ఓటీపీలు దానికే వస్తాయి.

ఫామ్ 1ఏ మీద డాక్టర్ సంతకం ఏదో మొక్కుబడికి కాదు. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబర్ ప్లేట్ చదవగలరా, రేచీకటి ఉందా, మామూలు హారన్ చప్పుడు వినిపిస్తుందా, చేతులు కాళ్లు సరిగా పనిచేస్తాయా, ఇవన్నీ అందులో ఉంటాయి. లారీ పని సగం రాత్రిపూటే, హైదరాబాద్ సిటీలోకి పెద్ద బండ్లను పగలంతా రానివ్వరు కూడా. కాబట్టి రేచీకటి అనుమానం ఏమాత్రం ఉన్నా కంటి డాక్టర్‌కి చూపించుకోండి. ఏ డాక్టర్ సర్టిఫికెట్ చెల్లుతుందో మీ ఆర్టీఏ ఆఫీసులో ముందే అడిగితే రెండోసారి తిరగనక్కర్లేదు.

ఎల్‌ఎల్‌ఆర్

రవాణా శాఖ వెబ్‌సైట్‌లో మీ అడ్రస్ ఏ ఆర్టీఏ కిందికి వస్తుందో (ఖైరతాబాద్, తిరుమలగిరి, మలక్‌పేట, బండ్లగూడ, టోలీచౌకీ, ఇలా) దాన్ని బట్టి ట్రాన్స్‌పోర్ట్ క్లాసుకి ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్స్ స్లాట్ బుక్ చేసుకోండి. కేంద్రం పెట్టిన ఫీజులు పెద్దవేం కావు. ఎల్‌ఎల్‌ఆర్‌కి 150, తర్వాత డ్రైవింగ్ టెస్ట్‌కి 300, లైసెన్స్‌లో కొత్త క్లాస్ చేర్చడానికి 500, వీటి మీద రాష్ట్రం సర్వీస్ చార్జీలు. ఎవరైనా "సార్‌కి ఇవ్వాలి, లోపల చూసుకోవాలి" అంటూ వేలల్లో చెప్తే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు ఉంటుంది. చేతికొచ్చిన 30 రోజుల తర్వాతే టెస్ట్‌కి వెళ్లగలరు. ఆ 30 రోజులు ఖాళీగా ఉండేందుకు కాదు, నేర్చుకునేందుకు.

ట్రైనింగ్

ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కి గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే ఫామ్ 5, అంటే ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలి. రూల్ ప్రకారం ఈ ట్రైనింగ్ 30 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగ్ పట్టి నడిపేది 15 గంటలకు తగ్గకూడదు. ఇప్పటికే చిన్న ట్రాన్స్‌పోర్ట్ బండి రెండేళ్లు తోలినవాళ్లకు రోజుల్లో కొంత సడలింపు ఉంది. బండి ఎక్కకుండానే ఫామ్ 5 చేతిలో పెట్టే చోట్లు సిటీలో లేవని అనను. అక్కడికి పోకండి.

చేరేముందు నాలుగు ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి. ఏ బండి మీద నేర్పిస్తారు? క్యాబిన్‌లో ఒకేసారి ఎంతమంది ఎక్కుతారు? (ఐదుగురైతే గంటలో మీ వంతు పన్నెండు నిమిషాలే.) రివర్స్ రోజూ చేయిస్తారా, చివరి రెండు రోజులేనా? ఎక్కడ నేర్పిస్తారు? తెల్లవారుజామున ఖాళీ సర్వీస్ రోడ్డు మీదైతే పర్లేదు. బండికి ముందూ వెనకా ఎర్ర 'ఎల్' బోర్డు, పక్కన లైసెన్స్ ఉన్న ట్రైనర్, ఈ రెండూ లేకుండా రోడ్డెక్కించే స్కూల్ అయితే అక్కడే ఆగిపోండి. సిటీ వదిలి వెళ్లగలిగితే సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో 2021లో మొదలైన, అశోక్ లేలాండ్ నడిపే శిక్షణ కేంద్రం కూడా ఉంది, కోర్సులు ఎప్పుడున్నాయో కనుక్కోండి.

కారు తోలిన చేతికి లారీ ఎక్కగానే మూడు సంగతులు కొత్తగా ఉంటాయి.

ఒకటి, గాలి. ఎయిర్ బ్రేక్ బండి స్టార్ట్ చేయగానే కదలదు. డ్యాష్‌బోర్డ్ మీద గాలి మీటరు ముల్లు పైకెక్కి, బజర్ ఆగేదాకా ఉండాలి, అప్పుడే పార్కింగ్ బ్రేక్ వదులుతుంది. దిగుడు రోడ్డులో బ్రేక్ మీద అదేపనిగా కాలు వేస్తే ఇటు గాలి అయిపోతుంది, అటు డ్రమ్ములు వేడెక్కుతాయి. దిగడం మొదలుపెట్టకముందే చిన్న గేరులోకి వచ్చి ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజన్ పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది) వాడాలి. సగం దిగాక గేరు మార్చబోతే న్యూట్రల్‌లో పడిపోయే ప్రమాదం ఉంది.

రెండు, మలుపు. మన లారీల్లో డ్రైవర్ సీటు ముందు చక్రాల మీదో, ఇంకా ముందుకో ఉంటుంది. కారులోలా మూల కనపడగానే స్టీరింగ్ తిప్పితే వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కుతాయి, లేదా పక్కనున్నవాణ్ని నొక్కేస్తాయి. మీ సీటు మూల దాటేదాకా తిన్నగా పోనిచ్చి అప్పుడు తిప్పాలి. మీరలా కాస్త కుడికి జరిగి ఎడమకి తిరిగేలోపు, ఆ ఖాళీలోకి స్కూటీ ఒకటి దూరిపోతుంది, ఎల్బీనగర్‌లో అయితే తప్పకుండా దూరుతుంది. ఎడమ అద్దం, కింద చూపించే గుండ్రటి అద్దం, ఈ రెండూ చూడకుండా స్టీరింగ్ కదపొద్దు.

మూడు, రివర్స్. రోజువారీ పనిలో క్లీనర్ వెనక నిలబడి "రానీ, రానీ" అంటూ బాడీ మీద కొట్టి చెప్తాడు. టెస్ట్‌లో క్లీనర్ ఉండడు. అద్దాలు చూసుకునే ఇరుకు దారిలోకి వెనక్కి తీయడం వచ్చేదాకా ట్రైనర్‌ని వదలకండి. వెనక భాగం మరీ పక్కకి పోతుంటే, అక్కడే తిప్పుతూ కూర్చోకుండా ముందుకు తీసి మళ్లీ మొదలుపెట్టడమే మంచి పద్ధతి, పాత ఉస్తాద్‌లూ అదే చేస్తారు.

టెస్ట్ రోజు

స్లాట్ రసీదులో ఏ ట్రాక్ అని ఉందో అక్కడికే వెళ్లాలి. బండి మామూలుగా స్కూల్‌వాళ్లే తెస్తారు, కానీ దాని ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ తేదీలు మీరు కూడా ఓసారి చూడండి. టెస్ట్ పెట్టే ఎంవీఐ (వెహికల్ ఇన్‌స్పెక్టర్) చూసేవి ఇవే: బయల్దేరేముందు జాగ్రత్తలు తీసుకున్నారా, గేర్లు సాఫీగా పడుతున్నాయా, ఎత్తు మీద ఆపి మళ్లీ తీసేటప్పుడు బండి వెనక్కి జారిందా, సిగ్నల్ వేసేముందు అద్దం చూశారా, ఇరుకులోకి రివర్స్ చేయగలిగారా. ఎత్తు దగ్గరే చాలామంది టెన్షన్ పడి క్లచ్ గబుక్కున వదిలేస్తారు. పార్కింగ్ బ్రేక్ మీద ఉంచి, క్లచ్ పట్టు దొరికి బండి కాస్త వణికాక బ్రేక్ వదిలితే సరిపోతుంది.

ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు పోతే మాత్రం 60 రోజులు ఆగాలి.

కార్డు వచ్చాక

పాసైతే కార్డు పోస్ట్‌లో ఇంటికొస్తుంది, అడ్రస్ పాతదైతే తిరిగి వెళ్లిపోతుంది. చేతికి రాగానే ట్రాన్స్‌పోర్ట్ చెల్లుబాటు తేదీ విడిగా ఉంటుంది చూడండి, అది ఐదేళ్లే. పైనున్న నాన్ ట్రాన్స్‌పోర్ట్ తేదీ చూసి ఇంకా చాలా టైముందనుకుని తిరిగేవాళ్లు ఎక్కువ. ఆ స్థితిలో యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్‌వాళ్లు కట్టిన డబ్బు ఓనర్ దగ్గర వసూలుకి దిగుతారు, అందుకే తెలివైన సేట్‌లు పనిలో పెట్టుకునేముందే ఆ తేదీ చూస్తారు.

మొదటి కొన్ని నెలలు ఒంటరిగా లోడు బండి ఒప్పుకోకండి. ఖాళీ బండి ఆగే దూరానికీ, లోడు బండి ఆగే దూరానికీ సంబంధమే ఉండదు, డ్రైవింగ్ స్కూళ్లలో లోడుతో నేర్పేవి తక్కువ. జీతం కాస్త తగ్గినా పాత డ్రైవర్ పక్కన రెండో డ్రైవర్‌గా వెళ్లండి.

చర్లపల్లి ఆయిల్ డిపోల నుంచి ట్యాంకర్ తోలాలనుకుంటే ఈ లైసెన్స్ ఒక్కటే చాలదు. ప్రమాదకర సరుకుల కోసం మూడు రోజుల ట్రైనింగ్ చేసి లైసెన్స్‌లో ఎంట్రీ వేయించుకోవాలి, తెలుగు లాంటి ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిష్ కూడా చదవడం, రాయడం రావాలి. ఆ ఎంట్రీ మూడేళ్లకే అయిపోతుంది, మళ్లీ ట్రైనింగ్ చేసి రెన్యూవల్ చేయించుకోవాలి. మామూలు రెన్యూవల్ అయితే గడువుకి ఏడాది ముందు నుంచే చేసుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిచిపోయిందా, మళ్లీ ట్రాక్ మీద టెస్టే.