హోమ్ థియేటర్‌లో ఒక స్పీకరు మూగబోతే

ఐదు స్పీకర్లూ, బాస్ కోసం ఒక సబ్‌ఊఫరూ ఉండే 5.1 హోమ్ థియేటర్‌లో ఒక స్పీకరు మూగబోగానే కొత్తది కొనడానికి బయలుదేరడం సహజమే కాని, మూగబోయిన ప్రతి స్పీకరూ చెడిపోయినది కాదు. నిజంగానే చెడిపోయి ఉంటే, దాన్ని కాల్చిన లోపం స్పీకర్లకు శక్తినిచ్చే యాంప్లిఫయరులో అలాగే ఉండిపోయి, కొత్తగా తెచ్చి తగిలించినదాన్ని కూడా తొలిరోజే కాల్చివేయవచ్చు. అందువల్ల ఈ పనిలో విప్పడానికీ బిగించడానికీ పట్టే సమయం కన్నా పరీక్షలకు పట్టే సమయమే ఎక్కువగా ఉండాలి.

వెనుక స్పీకర్లు రెండూ ఒకేసారి మౌనంగా ఉంటే ముందుగా అనుమానించవలసింది సెట్టింగులను. పాత పాటలూ, చాలా టీవీ కార్యక్రమాలూ రెండు చానళ్ల స్టీరియోలోనే ఉంటాయి కనుక, రిసీవరులో (టీవీ ధ్వనిని అందుకుని స్పీకర్లకు పంపే, యాంప్లిఫయరు ఉండే పెట్టెలో) ధ్వనిని అన్ని స్పీకర్లకూ పంచే సరౌండ్ మోడ్ ఎంచుకోకపోతే వెనుకవైపు ఏమీ వినిపించదు. టీవీలో ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని ఉన్నప్పుడు కూడా ఆప్టికల్ తీగ గుండా రిసీవరుకు రెండు చానళ్లే అందుతాయి. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కు గాని, డాల్బీ డిజిటల్‌కు గాని మార్చాలి. రిసీవరు మెనూలో ఉండే టెస్ట్ టోన్ ఒక్కొక్క స్పీకరులో వరుసగా హుష్షుమనే శబ్దాన్ని వినిపిస్తుంది. అది అన్నింటిలోనూ వినిపించినట్లయితే స్క్రూడ్రైవరు జోలికి వెళ్లనవసరం లేదు.

ఒక్కటే మూగగా ఉంటే దాన్ని పనిచేస్తున్న స్పీకరుతో తారుమారు చేసి చూడాలి. రిసీవరు ప్లగ్గును గోడ నుంచి తీసివేసి, మూగబోయిన స్పీకరును దాని తీగ నుంచి విడదీసి, పనిచేస్తున్న స్పీకరు తీగకు కలపాలి. అక్కడ మోగితే స్పీకరు బాగానే ఉన్నట్టు. లోపం తీగలోనో, యాంప్లిఫయరులోని ఆ చానల్‌లోనో ఉన్నట్టు. ఈ రెండింటిలో ఏది అన్నది తేల్చుకోవడానికి అదే స్పీకరును మూరెడు కొత్త తీగతో నేరుగా రిసీవరు వెనుక ఉన్న ఆ చానల్ టెర్మినళ్లకే కలిపితే చాలు. మా ఇంట్లో వెనుక ఎడమ స్పీకరు కాలిపోయిందనుకుని కొత్త జత కొనేందుకు సిద్ధపడిన తరువాత, బీరువా వెనుక తీగను ఎలుక కొరికి ఉండడం కనిపించింది. వెనుక స్పీకర్ల తీగలు గది చుట్టూ తిరిగి వస్తాయి కనుక వాటికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. టెర్మినల్ దగ్గర రాగి నల్లబడి గాని, పచ్చబడి గాని ఉన్నా ధ్వని తెగి తెగి వస్తుంది. ఆ కొనను ఒక సెంటీమీటరు మేర కత్తిరించి, తొక్క ఒలిచి, మెరిసే రాగితో మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

లోపం స్పీకరుదేనని తేలిన తరువాత మల్టీమీటరు అవసరమవుతుంది. తీగలు విడదీసిన స్పీకరు టెర్మినళ్ల మధ్య నిరోధాన్ని కొలిస్తే, 8 ఓమ్‌ల స్పీకరు సుమారుగా 6 నుంచి 7 వరకూ, 4 ఓమ్‌లది 3 నుంచి 4 మధ్యనూ చూపుతుంది. మీటరు అసలేమీ చూపకపోతే లోపల ఎక్కడో దారి తెగింది. సున్నాకు దగ్గరగా చూపితే స్పీకరు లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, కాలి చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. మీటరు లేనివారు 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని ఒక్క క్షణం తాకించి చూడవచ్చు. టప్‌మని శబ్దం వచ్చి కోన్ (స్పీకరు ముందు గరాటులా కనిపించే పొర) కదిలితే కాయిల్‌కు ప్రాణం ఉన్నట్టే. బ్యాటరీ ప్లస్ వైపు ఎర్ర టెర్మినల్‌కు తగిలినప్పుడు కోన్ ముందుకు రావాలన్న విషయాన్ని గుర్తుపెట్టుకోండి. బిగింపు సమయంలో అది మళ్లీ పనికివస్తుంది.

తరువాత నాలుగు వేళ్లను కోన్ చుట్టూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కాలి. గరగరమని రాసుకుంటే కాయిల్ వంకరపోయి అయస్కాంతానికి తగులుతున్నదన్నమాట. మెత్తగా కదులుతూ కూడా మీటరు దారి తెగినట్లు చూపితే నిరాశపడనక్కరలేదు. టెర్మినళ్ల నుంచి కోన్ దాకా జడలా అల్లిన రెండు సన్నని తీగలు వెళతాయి. కోన్ ఊగిన ప్రతిసారీ ఇవి వంగుతుంటాయి కాబట్టి అతుకుల దగ్గర తెగుతాయి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో, తక్కువ టంకంతో, తీగకు కాస్త వదులు ఉండేటట్లు అతికిస్తే స్పీకరు తిరిగి మోగుతుంది. టంకం తీగ పొడవునా పాకితే ఆ భాగం బిరుసెక్కి కొద్ది రోజులకే విరుగుతుంది. ఇంకొక హెచ్చరిక: అయస్కాంతం స్క్రూడ్రైవరును హఠాత్తుగా లాక్కుంటుంది. మరమ్మతులో పడే చిల్లులు చాలావరకూ ఇలా పడేవే కనుక, కోన్ మీద ఒక అట్టముక్క పరిచి పని మొదలుపెట్టడం మంచిది.

పదేళ్లు దాటిన సబ్‌ఊఫర్లలో సామాన్యంగా పోయేది కోన్ అంచున ఉండే ఫోమ్ రింగు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ప్రాంతాల తేమలో అది త్వరగా మెత్తబడి, వేలితో తాకితే పిండిలా రాలుతుంది. కాయిల్ బాగుంటే రింగును మాత్రమే మార్చవచ్చు. పాత ఫోమునూ గమ్మునూ ఓపికగా గీకి తీసి, స్పిరిట్‌తో తుడిచి, మధ్యలోని మూతను జాగ్రత్తగా కోసి తీసి, కాయిల్‌కూ లోపలి ఇనుప కడ్డీకీ మధ్య ఎక్స్-రే ఫిల్ము పట్టీలను నాలుగువైపులా దూర్చి కోన్‌ను కేంద్రంలో నిలపాలి. రింగు అతికించి ఒక రోజంతా ఆరనిచ్చిన తరువాతనే ఆ పట్టీలు తీయాలి. తొందరపడితే కాయిల్ పక్కకు జరిగి, చేసిన శ్రమంతా గరగరగా వినిపిస్తుంది. మూడంగుళాల చిన్న స్పీకరుకు ఇంత పని దండగని నా అభిప్రాయం. ఎనిమిది అంగుళాలు, ఆపై వాటికైతే తప్పక చేయదగినదే.

మాటలు వినిపిస్తూ కంచు తాళాల వంటి సన్నని శబ్దాలు మాత్రం రాకపోతే, ఆ సన్నని శబ్దాల కోసమే ఉండే ట్వీటరును గాని, బరువైన ధ్వనులు దాన్ని చేరకుండా వరుసలో ఉన్న చిన్న కెపాసిటరును గాని అనుమానించాలి. అదే విలువ గల నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటరునే వేయాలి. 8 ఓమ్‌ల ట్వీటరుకు 4.7 మైక్రోఫారడ్‌లు ఉంటే సుమారు 4,200 హెర్ట్‌జ్‌కు పైబడిన ధ్వనులే ప్రధానంగా అందుతాయి. పెద్దది వేస్తే బరువైన ధ్వనులు కూడా చేరి ట్వీటరును కాలుస్తాయి.

కాయిల్ కాలినప్పుడు పెద్ద స్పీకరును రీకోనింగ్ చేసే, అంటే కొత్త కోన్, కాయిల్ వేసే మెకానిక్‌కు అప్పగించవచ్చు. చిన్నదాన్ని మార్చడమే మేలు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగళూరులోని ఎస్.పి. రోడ్ వంటి చోట్ల విడి స్పీకర్లు దొరుకుతాయి. పాతదాన్ని చేత పట్టుకునే వెళ్లాలి, ఎందుకంటే అంగుళాలు ఒకటే అయినా స్క్రూ రంధ్రాల మధ్య దూరం, అయస్కాంతం లోతు కలవకపోవచ్చు. అన్నింటికన్నా ముందు ఓమ్‌లు కలవాలి. 8 ఓమ్‌ల చోట 4 ఓమ్‌లది పెడితే అంతే వాల్యూమ్‌కు యాంప్లిఫయరు రెట్టింపు కరెంటు ఇవ్వవలసివస్తుంది. అట్టపెట్టెలో అన్నీ కలిపి అమ్మే సెట్లలో 3 ఓమ్‌లు, 6 ఓమ్‌లవి కూడా ఉంటాయి కనుక స్పీకరు వెనుక ముద్రించిన అంకెను చదవకుండా కొనకూడదు. వాట్ల అంకెకు మాత్రం దుకాణదారు ఇచ్చేంత ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. దానికన్నా డెసిబెళ్లలో చెప్పే సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి ఎంత బిగ్గరగా మోగుతుందన్నది, ముఖ్యం. 89 ఉన్నచోట 86 పెడితే అంతే బిగ్గరగా వినిపించడానికి రెట్టింపు వాట్లు కావాలి. సినిమాలోని సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకరు నుంచే వస్తాయి కాబట్టి ముందున్న మూడూ ఒకే రకంగా ఉండాలి. వెనుకవాటిలో కొద్ది తేడా ఉన్నా చెవి సర్దుకుంటుంది, అయితే రెంటినీ జతగా మార్చడం ఉత్తమం.

కొత్త స్పీకరును కలిపే ముందు ఆ చానల్‌కు ఏమీ తగిలించకుండా, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, రెండు టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీని (బ్యాటరీలోలా ఒకే దిశలో ఉండి, కాయిల్‌ను కాల్చేదాన్ని) కొలవండి. సుమారు 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే భయం లేదు. వోల్టులలో చూపితే లోపలి అవుట్‌పుట్ ఐసీ గాని, ట్రాన్సిస్టరు గాని షార్టయింది; దాన్ని బాగుచేయించేదాకా ఏ స్పీకరునూ కలపకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి ఆ పెట్టెను అనుభవం లేనివారు విప్పవద్దు. డీసీ లేకపోతే పాత స్పీకరు కాలడానికి కారణం తరచుగా అతి వాల్యూమే. పగిలినట్లు ధ్వని రాగానే తగ్గించని అలవాటే.

బిగించేటప్పుడు ఎరుపు ఎరుపుకూ, నలుపు నలుపుకూ కలపాలి. జంట తీగలో గీత ఉన్నదాన్ని ఒక చివర ఎరుపుకు, మరొక చివర నలుపుకు కలిపితే స్పీకరు మోగుతూనే ఉంటుంది కాని, కోన్ వెనకకు కదిలి బాస్ తేలిపోతుంది. చెవి స్థాయికి కొంచెం పైన, సూటిగా ముందున్న దిక్కు నుంచి 100 నుంచి 120 డిగ్రీల మధ్య వెనుక స్పీకర్లను నిలిపి, రిసీవరుకు మైకు ఉంటే క్యాలిబ్రేషన్ (స్పీకర్ల స్థాయిలను రిసీవరే సరిచేసుకోవడం) మళ్లీ నడపండి. లేకపోతే టెస్ట్ టోన్ పెట్టి, కూర్చునే చోటు నుంచే ఐదింటినీ సమానం చేసుకోవాలి. కొత్తది బిగ్గరగా వినిపిస్తే దాని స్థాయినే తగ్గించండి. దాన్ని అందుకోవడానికి మిగిలిన నాలుగింటినీ పెంచితే ఆ భారమంతా యాంప్లిఫయరు మీద పడుతుంది.