డాంగిల్ రేడియోలో దొంగ స్టేషన్లు: ఏది ముందు సరిచేయాలి, ఏది తర్వాత

డాంగిల్ రేడియో అంటే కంప్యూటర్‌కి తగిలించి సాఫ్ట్‌వేర్‌తో రేడియో వినే చిన్న పరికరం. దాని వాటర్‌ఫాల్‌లో, అంటే ఫ్రీక్వెన్సీల బలాన్ని రంగుల్లో చూపే తెర మీద, నిజానికి లేని స్టేషన్ కనబడితే చాలు, మా ల్యాబ్‌లో పిల్లలు సెట్టింగ్స్ మీద పడతారు. ఒకడు పీపీఎం (ఫ్రీక్వెన్సీ పది లక్షల్లో ఎన్ని వంతులు తప్పిందో చెప్పే అంకె) మారుస్తాడు, ఇంకొకడు ఐక్యూ కరెక్షన్‌కి టిక్కు పెడతాడు, మూడోవాడు గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, పైదాకా లాగేస్తాడు. కాసేపటికి దేని వల్ల ఏం మారిందో ఎవరికీ అంతుపట్టదు. నేను వాళ్లకి చెప్పేది ఒక్కటే. సిగ్నల్ ఏ వరసలో పాడైందో దానికి ఎదురు వరసలో బాగుచేయండి. ఇల్లు మారేటప్పుడు లారీలో ఆఖర్న ఎక్కించిన సామానే ముందు దిగుతుంది కదా, ఇదీ అంతే.

యాంటెన్నా నుంచి వచ్చిన సిగ్నల్ ముందు ఆంప్లిఫైయర్‌లోకి వెళ్తుంది. అది మోయలేనంత బలంగా ఉంటే అక్కడే వంకర్లు పోతుంది. తర్వాత సిగ్నల్‌ని తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే మిక్సర్. అందులో ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ కాస్త అటూ ఇటూ ఉంటుంది. సిగ్నల్‌ని 90 డిగ్రీల తేడాతో రెండుగా పంచే ఐ, క్యూ అనే రెండు దారులు అచ్చంగా ఒకేలా ఉండవు. చివర్లో డిజిటల్‌గా మారేచోట కొంత డీసీ, అంటే మారని స్థిరమైన విలువ, వచ్చి కలుస్తుంది. కాబట్టి ముందు డీసీ తీయాలి, తర్వాత ఐక్యూ, ఆ తర్వాత ఫ్రీక్వెన్సీ. ఓవర్‌లోడ్ సంగతి వేరు. ఒకసారి వంకరపోయిన సిగ్నల్‌ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు, అందుకని అసలు రాకుండా చూసుకోవడమే.

నా దగ్గర రెండు డాంగిళ్లు ఉన్నాయి. రెండింట్లోనూ ఆర్‌టీఎల్2832యూ చిప్పే. ఒకదాని ట్యూనర్ ఆర్820టీ2, రెండోదానిది పాత ఈ4000. టీవీ చూడ్డానికి తయారైన వస్తువులివి, 8 బిట్‌ల లెక్కే వీటి శక్తి. ట్యూనర్‌ని బట్టి జబ్బు మారుతుంది, అందుకే మీ డాంగిల్‌లో ఏముందో ముందు తెలుసుకోండి. ప్రోగ్రాం తెరవగానే ట్యూనర్ పేరు చూపిస్తుంది.

ముందు ఓవర్‌లోడ్. హైదరాబాద్‌లో ఆకాశవాణి ఎఫ్ఎం రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8 మెగాహెర్ట్జ్ మీద వస్తాయి. ఈ రెండూ గట్టిగా తగిలి ఆంప్లిఫైయర్ ఇబ్బంది పడితే, ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోదాన్ని తీసేసిన చోట దొంగ స్టేషన్లు పుడతాయి. లెక్కేయండి: 102.8ని రెట్టింపు చేసి 101.9 తీసేస్తే 103.7. అటు నుంచి చేస్తే 101.0. అక్కడ రెండు పాటలూ కలిసిపోయి గరగరమంటూ వినిపిస్తే అనుమానం నిజమే.

రుజువు కావాలంటే యాంటెన్నాకీ డాంగిల్‌కీ మధ్య 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ శక్తిని పదో వంతుకి తగ్గించే చిన్న ముక్క) పెట్టండి. అసలు స్టేషన్ 10 డీబీ తగ్గుతుంది. ఇలా పుట్టిన దొంగ స్టేషన్ దాదాపు 30 డీబీ తగ్గుతుంది. అసలుతో సమానంగా తగ్గిందంటే అది ఓవర్‌లోడ్ కాదు, కింద చెప్పబోయే ఐక్యూ సమస్య కావచ్చు. అటెన్యుయేటర్ లేకపోతే గెయిన్ తగ్గించి చూడొచ్చు, ఆర్820టీ2లో అది 0 నుంచి 49.6 డీబీ దాకా మెట్లు మెట్లుగా ఉంటుంది. కాకపోతే ఆ పరీక్ష అంత కచ్చితం కాదు. ఆటోమేటిక్ గెయిన్ మాత్రం ఆపేయండి. ఆ బటన్ ఆన్‌లో ఉంటే మీరు తీసే ఏ కొలతకీ విలువ ఉండదు.

ఇంకో పరీక్ష నాకు బాగా ఇష్టం. కొన్ని సెకన్ల ముడి రికార్డింగ్ తీసి, అందులో శాంపిళ్ల, అంటే డాంగిల్ తీసిన ఒక్కో కొలత, విలువలకి హిస్టోగ్రాం (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే పటం) గీయండి. 0 నుంచి 255 మధ్య గంట ఆకారం రావాలి. రెండు కొసల్లో, అంటే 0 దగ్గరా 255 దగ్గరా కొమ్ముల్లా లేచిందంటే సిగ్నల్ తల తెగిపోతోందన్నమాట. కొమ్ములు పోయేదాకా గెయిన్ దించండి. వినే స్టేషన్ కాస్త సన్నబడినా పర్వాలేదు.

మీరు వినాలనుకునేది ఎఫ్ఎం బ్యాండ్ కాకుండా, ఉదాహరణకి అంతరిక్ష కేంద్రం నుంచి 145.8 మెగాహెర్ట్జ్ మీద వచ్చేది అయితే, ఎఫ్ఎంని గుమ్మంలోనే ఆపేయొచ్చు. రెడీమేడ్ ఫిల్టర్లు దొరుకుతాయి. లేదంటే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక టీ కనెక్టర్, మీటరు ఆర్‌జీ-58 కేబుల్ కొనుక్కోండి. టీకి ఒకవైపు యాంటెన్నా, ఒకవైపు డాంగిల్, మూడోవైపు 50 సెంటీమీటర్ల కేబుల్ ముక్క. ముక్క రెండో చివర దేనికీ కలపకుండా వదిలేయాలి. రెండు స్టేషన్లకీ నడుమ ఉన్న 102.35 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం 73.2 సెంటీమీటర్లు. ఈ కేబుల్‌లో తరంగం 0.66 వంతు వేగంతో నడుస్తుంది కాబట్టి 48.3 దగ్గర సరిపోవాలి. వాటర్‌ఫాల్ చూస్తూ గోరంత గోరంత కత్తిరిస్తూ రండి. రెండు స్టేషన్లూ బాగా కుంగిన చోట ఆపేయండి. కేబుల్ బయటి జాలీ తీగ మధ్య తీగకి తగలకూడదు, తగిలితే మొత్తం లెక్క తలకిందులవుతుంది. ఈ ముక్క వల్ల 145.8 దగ్గర కూడా 1.5 డీబీ దాకా పోతుంది. ఓవర్‌లోడ్‌తో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

ఇక డీసీ. స్క్రీన్ మధ్యలో కదలకుండా నిలబడే సన్నటి గీత ఇదే. ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసినా నట్టనడుమే ఉంటుంది, మీతోపాటే వస్తుంది. ఈ4000లో పెద్దగా ఉంటుంది, ఎందుకంటే అది సిగ్నల్‌ని నేరుగా సున్నా ఫ్రీక్వెన్సీకి దించుతుంది. ఆర్820టీ2 ముందు 3.57 మెగాహెర్ట్జ్‌కి దించి, మిగతా పని డిజిటల్‌గా చేయిస్తుంది, అందుకే అందులో గీత చిన్నది.

సొంతంగా పైథాన్ రాసుకునేవాళ్లకి ఇక్కడో చిన్న తిరకాసు ఉంది. డాంగిల్ ఇచ్చే విలువలు 0 నుంచి 255. వాటి మధ్య బిందువు 127.5, 128 కాదు. 128 తీసేస్తే అర అంకె డీసీ మీరే కలిపినట్టు, అది ఒక్కో దారిలో పూర్తి స్థాయికి 48 డీబీ కింద గీతలా లేచి కూర్చుంటుంది. అసలు స్థిరమైన అంకె తీసేయడం కంటే, ఒక సెకను శాంపిళ్ల సగటు కట్టి దాన్ని తీసేయడం మేలు. ఐకి వేరుగా, క్యూకి వేరుగా. మరీ చిన్న ముక్కలకి, అంటే ఒక మిల్లీసెకనుకి సగటు కట్టి తీసేస్తూ పోతే, మధ్యలో కిలోహెర్ట్జ్ మేర అసలు సిగ్నల్ కూడా ఎగిరిపోతుంది. ఏఎం స్టేషన్‌ని సరిగ్గా మధ్యలో పెట్టి డీసీ తీస్తే దాని క్యారియరే (శబ్దాన్ని మోసే అసలు తరంగమే) పోతుంది. కాబట్టి ట్యూనర్‌ని 250 కిలోహెర్ట్జ్ పక్కకి పెట్టి, మీకు కావాల్సినదాన్ని పక్క నుంచి తీసుకోండి. సగం గొడవలు ఆ ఒక్క అలవాటుతో పోతాయి.

డీసీ పోయాక ఐక్యూ. ఐ, క్యూ దారుల బలం సమానంగా ఉండాలి, వాటి మధ్య సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలి. రెంటిలో ఏది తప్పినా ప్రతి స్టేషన్‌కీ మధ్యగీతకి అవతలివైపు అద్దంలో బొమ్మ లాంటి నకలు వస్తుంది. ఈ4000 డాంగిల్‌ని 102.2 మీద పెట్టండి. 101.9 మధ్యగీతకి 300 కిలోహెర్ట్జ్ ఎడమన ఉంటుంది, నకలు కుడివైపు 102.5 మీద వస్తుంది. 102.8 కుడివైపు 600 దూరంలో ఉంటుంది, దాని నకలు 101.6 మీద. ట్యూనింగ్ కొంచెం కదిపితే అసలు స్టేషన్ తన ఫ్రీక్వెన్సీ మీదే ఉంటుంది, నకలు మాత్రం అందుకు రెట్టింపు జరుగుతుంది. దొంగని పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు. సరదాకి కూడా 102.35 మీద పెట్టకండి, ఒకదాని నకలు సరిగ్గా రెండోదాని మీద కూర్చుంటుంది.

సరిచేయడానికి మూడు సగటులు చాలు: ఐ వర్గం సగటు, క్యూ వర్గం సగటు, ఐ క్యూల లబ్ధం సగటు. ఉదాహరణకి అవి 1.00, 0.81, 0.05 వచ్చాయనుకోండి. అంటే క్యూ బలం ఐలో 0.9 వంతే, కోణంలో తేడా సుమారు 3.2 డిగ్రీలు. ఈ స్థితిలో నకలు అసలు కంటే 24.5 డీబీ మాత్రమే కింద ఉంటుంది, చక్కగా వినపడుతుంది. ఇప్పుడు ప్రతి క్యూలోంచి 0.05 రెట్లు ఐని తీసేయండి. మిగిలిన క్యూ వర్గం సగటు 0.8075 అవుతుంది. దాని వర్గమూలం 0.8986. ప్రతి క్యూని 1.1128తో గుణిస్తే ఐతో సమానమవుతుంది. అంతే, రెండు అంకెలు, ఒక తీసివేత, ఒక గుణకారం. తేడా 0.1 డీబీకీ 1 డిగ్రీకీ దిగితే నకలు సుమారు 40 డీబీ కిందకి పోతుంది.

ఈ లెక్క తీసేటప్పుడు స్టేషన్ మధ్యగీత మీద ఉండకూడదు, పక్కన ఉండాలి. సరిగ్గా మధ్యలో ఉన్న క్యారియర్ సహజంగానే ఐ వైపో క్యూ వైపో మొగ్గుతుంది, లెక్క దాన్ని లోపం అనుకుని ‘సరిచేసి’ చెడగొడుతుంది. గెయిన్ మార్చినా, బ్యాండ్ మార్చినా ఆ రెండు అంకెలూ కొత్తగా కట్టుకోవాల్సిందే. ఆర్820టీ2 ఉన్నవాళ్లు మాత్రం ఈ పనంతా వదిలేయొచ్చు. అందులో ఐ, క్యూలు డిజిటల్‌గా పుడతాయి, తేడా వచ్చే అవకాశమే తక్కువ.

ఇప్పుడు ఫ్రీక్వెన్సీ. చవక డాంగిల్‌లోని 28.8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పదుల పీపీఎం తప్పడం మామూలే. 52 పీపీఎం అనుకుందాం. 102.8 దగ్గర అది 5.3 కిలోహెర్ట్జ్. వెడల్పాటి ఎఫ్ఎం స్టేషన్‌కి పట్టింపే ఉండదు. 145.8 దగ్గర 7.6 కిలోహెర్ట్జ్, అక్కడి సన్న ఎఫ్ఎం ఛానెల్ మొత్తం తప్పిపోతుంది. కొలవడానికి ఎఫ్ఎం స్టేషన్‌ని ఆధారంగా తీసుకోవద్దు, వాటికి 2 కిలోహెర్ట్జ్ వరకూ సడలింపు ఉంటుంది. 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లోని జీఎస్ఎం (2జీ మొబైల్) టవర్ పట్టుకోండి. టవర్ ఫ్రీక్వెన్సీ 0.05 పీపీఎం లోపు ఉండాలని నియమం. ‘కాలిబ్రేట్ ఆర్‌టీఎల్’ అనే ఉచిత ప్రోగ్రాం ఆ టవర్ పంపే ఫ్రీక్వెన్సీ గుర్తుని చూసి మీ తప్పెంతో చెప్పేస్తుంది. డాంగిల్ వేడెక్కాకే కొలవండి, పెట్టగానే కొలిస్తే అంకె జారుతూనే ఉంటుంది. ప్లస్సా మైనస్సా అని తలబద్దలు కొట్టుకోవద్దు. తప్పు గుర్తు పెడితే స్టేషన్ రెట్టింపు దూరం పోతుంది, అప్పుడు తిప్పేయండి.

ఆ అంకెని డాంగిల్ డ్రైవర్‌లోని పీపీఎం పెట్టెలోనే వేయండి. అది ట్యూనింగ్‌తోపాటు శాంపిల్ వేగాన్ని కూడా సరిచేస్తుంది, రెండింటికీ క్రిస్టల్ ఒకటే. అంతరిక్ష కేంద్రం శబ్దం రూపంలో పంపే పీడీ120 రకం బొమ్మ పూర్తి కావడానికి 126 సెకన్లు పడుతుంది. 52 పీపీఎం తప్పుతో రికార్డు చేస్తే అంతలో 6.5 మిల్లీసెకన్లు జారుతుంది, అంటే 640 పిక్సెళ్ల వెడల్పులో 34 పిక్సెళ్లు. బొమ్మ పక్కకి ఒరిగి కనిపిస్తుంది. స్క్రీన్ మీద ఫ్రీక్వెన్సీ జరిపితే ఆ వంపు పోదు.

సొంత కోడ్‌లో ఫ్రీక్వెన్సీ జరిపేవాళ్లు ఆ పని డీసీ, ఐక్యూ అయ్యాకే చేయాలి. ముందే 7.6 కిలోహెర్ట్జ్ జరిపితే డీసీ గీత సున్నా దగ్గర ఉండదు, సగటుకి దొరకదు. మధ్యగీతకి చెరోవైపు 300 దూరంలో ఉన్న స్టేషనూ దాని నకలూ 292.4, 307.6 దూరాలకి జరిగిపోతాయి, అద్దం సామ్యం చెడిపోతుంది.

తర్వాత దారిలో జరిగిన నష్టం. బిల్డింగులకి కొట్టుకుని ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని వల్ల స్టీరియో చీరుకుపోతుంటే, కోడ్ రాసే ముందు యాంటెన్నాని అర మీటరు జరిపి చూడండి. ఎఫ్ఎంకి అది చాలాసార్లు సరిపోతుంది.

అన్నిటికంటే చివర డీఎంఫసిస్. స్టేషన్‌వాళ్లు అన్నిటికన్నా ముందు చేసే పని ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని పెంచడం, కాబట్టి మనం దాన్ని ఆఖర్న దించుతాం. మన దేశంలో విలువ 50 మైక్రోసెకన్లు. అమెరికాలో 75, కొన్ని ప్రోగ్రాముల్లో అదే ముందుగా పెట్టి ఉంటుంది. వివిధ భారతిలో తాళాలు, గజ్జెలు దుప్పట్లోంచి మోగినట్టు మొద్దుబారి వినిపిస్తే, ఆ పెట్టె తెరిచి 50 చేయండి.