వాడ బాగు, ఆరోగ్య సమానత్వం: స్థానికులతో భాగస్వామ్యాన్ని ఎలా నిర్మించాలి?

నగరంలో వెనుకబడిన వాడను బాగుచేయాలని బయలుదేరిన సంస్థలలో ఎక్కువ భాగం ఒకే దారిలో నడుస్తాయి. ముందు నిధులు తెచ్చుకుంటాయి, ఆ నిధులకు సరిపడే పథకం రాసుకుంటాయి, చివరికి ప్రారంభోత్సవానికి వారం ముందు అక్కడ నివసించేవారిని పిలిచి భాగస్వాములని పేరు పెడతాయి. రెండేళ్లు తిరిగేసరికి గోడల మీది రంగులు వెలిసిపోతాయి, వ్యాయామ పరికరాలు తుప్పు పడతాయి, స్థానికులలో చైతన్యం కొరవడిందని నివేదికలో ఒక వాక్యం చేరుతుంది. చైతన్యానికి లోటేమీ లేదు. పనులు చేసిన వరుసే తప్పు. సరైన వరుస ఏమిటో, అందులో ఎక్కువ మంది జారిపడే మెట్టు ఏదో కింద వివరిస్తున్నాను.

మొదలుపెట్టే ముందు లక్ష్యం గురించి ఒక మాట. మైకేల్ మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన సంఘం 2008లో ఇచ్చిన నివేదికలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం గురించి ఒక లెక్క ఉంది. ఆ నగరంలోని కాల్టన్ అనే పేద వాడలో పురుషుల ఆయుర్దాయం 54 ఏళ్లు కాగా, కొద్ది మైళ్ల దూరంలోని లెంజీలో 82 ఏళ్లు. దేశం ఒకటే, ఉచిత ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఒకటే. తేడా మాత్రం 28 ఏళ్లు. ఇంటి గోడల చెమ్మ, పని దొరకని రోజులు, చీకటి పడితే బయటికి రానివ్వని భయం, పీల్చే గాలి, పారని మురుగు కాలువ కలిసి ఆ తేడాను తయారుచేస్తాయి. అందుకే వాడను బాగుచేసే పని, ఆరోగ్యాన్ని బాగుచేసే పని వేర్వేరు శాఖలవి అనుకున్న చోట రెండూ చెడతాయి. నెలకొక వైద్య శిబిరం పెట్టి రక్తపోటు కొలిచి పంపడం ఈ పని కిందికి రాదు.

కావలసినవి

ఒక పటం, ఒక నోటు పుస్తకం, వారానికొక సాయంత్రం అద్దె లేకుండా దొరికే గది, జీతమిచ్చి పెట్టుకున్న ఒక సమన్వయకర్త. సమన్వయకర్త ఆ వాడలో నివసించే వ్యక్తే కావాలి, స్త్రీ అయితే ఇంకా మేలు. దీనికి మినహాయింపు లేదు. బ్యానర్లు, టోపీలు, తెర మీద చూపించే స్లైడ్లు అక్కర్లేదు.

మొదటి దశ: హద్దు గీయడం

ఈ చివర నుండి ఆ చివరకు పదిహేను నిమిషాలలో నడిచి వెళ్లగలిగినంత ప్రాంతాన్ని మాత్రమే తీసుకోవాలి. అంతకంటే పెద్దదైతే ఒక మూలవారికి మరొక మూలవారి ముఖాలు తెలియవు. హద్దును పాలనా విభాగాల ప్రకారం గీయకుండా, ఇక్కడితో మా వాడ అయిపోతుందని నివాసులు వేలు పెట్టి చూపించే చోట గీయాలి. ఇది ఒక రోజు పని.

రెండవ దశ: వినడం, లెక్కించడం

ప్రశ్నావళి పట్టుకుని బయటివారు ఇంటింటికీ తిరిగే పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. అడిగేవారికి కావలసిన జవాబులు అడిగిన తీరులోనే దొరికిపోతాయి. పైగా ఆ కాగితాలు మళ్లీ వాడ ముఖం చూడవు. నివాసులే తమను తాము లెక్కించుకోవాలి. 1985లో ముంబై కాలిబాటల మీద నివసించే కుటుంబాలు స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఇలాగే తమ జనగణన తామే చేసుకున్నాయి. సొంత లెక్క చేతిలో ఉన్నవారితో అధికారులు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

కొరతలతో పాటు ఉన్నవాటిని కూడా రాయాలి. మంత్రసాని అనుభవం ఉన్న వృద్ధురాలు, తాపీ మేస్త్రి, ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తా, సాయంత్రాలు ఖాళీగా ఉండే పాఠశాల ఆవరణ వంటివన్నీ పటం మీదకు రావాలి. చికాగోకు చెందిన జాన్ క్రెట్జ్‌మన్, జాన్ మెక్‌నైట్ 1990ల నుండి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే. కొరతల జాబితా ఒక్కటే ఉంటే వాడ అంతా రోగిలా కనిపిస్తుంది, బయటివారు వైద్యులై కూర్చుంటారు.

మూడవ దశ: నిర్ణయాధికారాన్ని పంచడం

తొందరపడకూడని దశ ఇది. మిగిలిన దశలలో పొరపాటు జరిగితే దిద్దుకోవచ్చు కానీ ఇక్కడ జరిగిన పొరపాటు పథకం ఉన్నంత కాలం వెంటాడుతుంది.

అమెరికా పరిశోధకురాలు షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లో పౌర భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. అట్టడుగున ప్రజలను మభ్యపెట్టడం ఉంటుంది. సమాచారం ఇవ్వడం మూడవ మెట్టు, అభిప్రాయాలు అడగడం నాలుగవది. భాగస్వామ్యమనే మాట ఆరవ మెట్టు దగ్గర గానీ రాదు. నేను చూసిన ఒప్పంద పత్రాలలో అధికభాగం నాలుగవ మెట్టు మీద నిలబడి ఆరవ మెట్టు పేరు చెప్పుకునేవే. మీ పత్రం ఏ మెట్టు మీద ఉందో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న సరిపోతుంది: నివాసులందరూ వద్దన్న పనిని ఈ పత్రం ప్రకారం ఎవరైనా చేయగలరా? చేయగలిగితే అది సలహా సంఘం, అంతకుమించి ఏమీ కాదు.

బోస్టన్‌లోని డడ్లీ స్ట్రీట్ ప్రాంతంలో 1980లలో జరిగింది ఈ పని చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. వందలాది ఖాళీ స్థలాలు, అక్రమంగా తెచ్చి పోసే చెత్త, తగులబడిన ఇళ్లతో ఆ వాడ పాడుబడి ఉంది. నిధులిచ్చే సంస్థ ఒకటి, సేవా సంస్థలు కొన్ని కలిసి ఒక పాలక మండలిని ప్రతిపాదించి సభ పెట్టగా, అందులో నివాసులకు దక్కిన స్థానాలు ఇన్నేనా అని సభలోనే స్థానికులు నిలదీశారు. పెద్దలు పట్టుదలకు పోకుండా మండలిని తిరిగి కూర్చారు. స్థానికుల చేతికి అధికారం వచ్చింది. అక్కడి నాలుగు ప్రధాన జనవర్గాలకు జనాభాతో నిమిత్తం లేకుండా సమానంగా స్థానాలు కేటాయించారు, అందువల్ల చిన్న వర్గాల గొంతు సంఖ్యాబలం కింద అణగిపోలేదు. 1988లో ఆ వాడలోని ఒక భాగంలో ఖాళీ స్థలాలను ప్రజావసరానికి స్వాధీనం చేసుకునే అధికారాన్ని నగర అభివృద్ధి సంస్థ ఆ స్థానిక సంఘానికే ఇచ్చింది. నివాసుల ఆధిపత్యం లేని మండలికి ఆ అధికారం వచ్చి ఉంటే వాడవారు దాన్ని చూసి భయపడి ఉండేవారు.

అమెరికాలో సమాజ ఆరోగ్య కేంద్రాల విషయంలో ఇది చట్టమే. కేంద్ర ప్రభుత్వ నిధులు పొందే ఆరోగ్య కేంద్రాల పాలక మండలి సభ్యులలో కనీసం 51 శాతం మంది అక్కడ వైద్యం పొందేవారై ఉండాలి. కాబట్టి వైద్యం, పట్టణ ప్రణాళిక వంటి విషయాలు సామాన్యులకు అర్థం కావని ఎవరైనా అంటే నేను చర్చను అక్కడితో ముగిస్తాను. మురుగు గొట్టం ఎంత వాలులో వేయాలో ఇంజనీరు చెప్పాలి. ముందు ఏ సందులో వేయాలో ఆ సందులవారు చెప్పాలి. ఈ గీత తెలిసిన ఇంజనీర్లు ఉన్నారు, వారినే వెతుక్కోవాలి.

ఇక పత్రం రాసే పద్ధతి. పథకాన్ని నడిపే పాలక మండలిలో నివాసుల స్థానాలు సగానికి మించి ఉండాలి. ఆ స్థానాలకు సందుల వారీగా ఎన్నిక జరగాలి. వాడ పెద్దలమని తమకు తామే చెప్పుకునే ఒకరిద్దరితో సరిపెట్టుకుంటే పని వేగంగా సాగుతున్నట్లే కనిపించి, మొదటి తగాదాలోనే విరుగుతుంది. ఓటు హక్కు ఇంటి యజమానులకే పరిమితం చేయకూడదు. అద్దెకుండేవారికి, కాగితాలు లేకుండా ఉండేవారికి కూడా అది సమానంగా ఉండాలి, ఎందుకంటే వాడ మారినప్పుడు మొదట నష్టపోయేది వారే. ఆసుపత్రికి ఒక ఓటు, పాఠశాలకు ఒక ఓటు, పురపాలక శాఖకు ఒక ఓటు చాలు. నిధులిచ్చే సంస్థకు ఓటు ఉండకూడదు. దాని ప్రతినిధి సభకు రావచ్చు, వినవచ్చు, వెనుక వరుసలో కూర్చోవచ్చు.

డబ్బు విషయాన్ని మొహమాటం లేకుండా రాయాలి. ఖాతా ఎవరి పేరున ఉంటుంది, చెక్కు మీద ఎవరి సంతకాలు ఉండాలి, ఎంత మొత్తం దాటితే మండలి తీర్మానం తప్పనిసరి అన్నవి స్పష్టంగా ఉండాలి. సమావేశాలకు వచ్చే నివాసులకు వారి సమయానికి ప్రతిఫలం చెల్లించాలి. వైద్యుడు జీతం మీద వచ్చి కూర్చుంటాడు, అధికారి జీతం మీద వచ్చి కూర్చుంటాడు. రోజు కూలి వదులుకుని వచ్చిన మనిషి మాత్రం సేవాభావంతో రావాలనడం న్యాయం కాదు. ఇక్కడ పొదుపు చూపించిన సంఘాలకు తీరిక ఉన్నవారు మాత్రమే మిగులుతారు.

సేకరించిన సమాచారం ఎవరిదన్నది కూడా ఈ పత్రంలోనే తేల్చాలి. ఎవరికి క్షయ ఉంది, ఎవరి ఇంట్లో మద్యం వ్యసనం ఉంది అనే వివరాలు పరిశోధకుల చేతికి వెళ్లిన తరువాత వెనక్కి రావు. పేర్లు తీసివేసిన మొత్తాలు మాత్రమే మండలి అనుమతితో బయటికి వెళ్లాలి.

చిత్తుప్రతిని ఒక సభలో బిగ్గరగా చదివి వినిపించాలి, రెండు వారాలు ఆగాలి, మరొక సభలో మళ్లీ చదవాలి, అప్పుడు సంతకాలు చేయాలి. ఈ రెండు వారాలలోనే అసలైన అభ్యంతరాలు బయటపడతాయి. సభలో నోరు విప్పనివారు కుళాయి దగ్గర మాట్లాడతారు, ఆ మాటను మోసుకొచ్చే పని సమన్వయకర్తది. ఆర్థిక సంవత్సరం ముగుస్తోందని, ఈలోగా సంతకం కాకపోతే నిధులు వెనక్కి పోతాయని ఒత్తిడి వస్తుంది. పోనివ్వాలి. తొందరలో ఒప్పుకున్న షరతులతో వచ్చిన డబ్బు వాడకు ఎంత మేలు చేస్తుందో, తరువాతి పథకానికి అంత అపనమ్మకాన్ని మిగిల్చి పోతుంది.

చివరగా, విడిపోయే పద్ధతిని రాయడం మరవకూడదు. ఒక సంస్థ తప్పుకుంటే కొన్న వస్తువులు, అద్దెకు తీసుకున్న గది, సమన్వయకర్త జీతం ఏమవుతాయో ముందే తెలియాలి.

నాలుగవ దశ: మొదటి పని

మొదటి పని ఆరు నెలలలో కంటికి కనబడాలి, ఆరోగ్యానికి నేరుగా తగలాలి. ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలపై జరిపిన పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కొన్ని స్థలాలలో చెత్త తీసి, నేల చదునుచేసి, గడ్డి, కొద్దిపాటి చెట్లు వేసి, నడుము కంటే తక్కువ ఎత్తున చెక్క కంచె కట్టారు. కొన్నింటిలో చెత్త మాత్రమే తీశారు. మిగిలినవాటిని ముట్టుకోలేదు. పచ్చదనం పెంచిన స్థలాల చుట్టుపక్కల నివసించేవారిలో దిగులుగా ఉన్నామని చెప్పినవారి శాతం, ఏమీ చేయని చోట్లతో పోలిస్తే 41.5 శాతం తగ్గింది. చెత్త మాత్రమే తీసిన చోట చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. శుభ్రతా దినోత్సవాల మీద నా చిన్నచూపుకు ఇంతకంటే మంచి ఆధారం అక్కర్లేదు.

పెద్ద పనులలో ఎవరి వంతు ఏమిటో విడదీయడానికి కరాచీలోని ఒరంగీ అనే బస్తీ పద్ధతి నాకు తెలిసినంతలో అత్యుత్తమం. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన ఆ పథకంలో ఇంటి మరుగుదొడ్డి, సందులోని మురుగు గొట్టం, వాటిని కలిపే చిన్న కాలువ నివాసుల ఖర్చుతో, నివాసుల పర్యవేక్షణలో వేసుకున్నారు. ప్రధాన కాలువలు, శుద్ధి కేంద్రం ప్రభుత్వ బాధ్యతగా ఉంచారు. పథకాన్ని నడిపిన సంస్థ డబ్బు ఇవ్వలేదు. కొలతలు, అంచనాలు, పనిముట్లు, శిక్షణ ఇచ్చింది. అయితే ఈ ఉదాహరణను చూపించి ప్రభుత్వం తన వంతును కూడా పేదల మీదకు నెట్టే ప్రమాదం ఉంది. అడ్డుకోవలసింది మూడవ దశలో రాసిన పత్రమే.

ఐదవ దశ: అద్దెలకు కళ్లెం

బాగుపడిన వాడలో అద్దెలు పెరుగుతాయి. న్యూయార్క్‌లో పాత రైలు మార్గాన్ని ఉద్యానవనంగా మార్చి 2009లో హై లైన్ పేరుతో తెరిచాక చుట్టుపక్కల స్థిరాస్తి ధరలు బాగా పెరిగాయి. చెట్లు నాటిన ఫలితం వాటి నీడ అవసరమైనవారికి అందకముందే వారు ఖాళీ చేయవలసి వస్తే, ఆరోగ్య సమానత్వం దృష్ట్యా ఆ పని నష్టమే. అందువల్ల భూమిని సమాజ ట్రస్టు పేరున ఉంచి, ఇంటిని మాత్రం కుటుంబాలకు దీర్ఘకాలిక లీజుతో అమ్మి, తిరిగి అమ్మే ధరకు పరిమితి పెట్టే పద్ధతిని పరిశీలించాలి. డడ్లీ స్ట్రీట్ సంఘం ఇదే చేసింది. భూమి చవకగా ఉన్నప్పుడే, అంటే మొదటి చెట్టు నాటకముందే ఈ ఏర్పాటు జరగాలి. తరువాత అది ఎవరికీ అందదు.

ఆరవ దశ: కొలవడం

మూడు నాలుగు కొలతలు చాలు: పిల్లలలో విరేచనాలు, ఉబ్బసంతో అత్యవసర విభాగానికి వెళ్లినవారు, రాత్రివేళ ఒంటరిగా నడవగలమని చెప్పే స్త్రీలు, పాత నివాసులలో ఇంకా అక్కడే ఉన్న కుటుంబాలు. వాడ సగటును చూసి సంబరపడకూడదు. సందుల వారీగా విడదీసి చూడాలి. 1971లో వేల్స్‌లో పనిచేసిన వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ చెప్పినట్లు మంచి వైద్యం అవసరం ఎక్కువగా ఉన్నవారికే అది తక్కువగా అందుతుంది. అదే వాలు ఒకే వాడలోని సందుల మధ్య కూడా ఉంటుంది. ఫలితాలను నిధులిచ్చినవారి కంటే ముందు వాడ సభకు చదివి వినిపించాలి. సగటు పెరిగి అట్టడుగు సందు కదలకపోతే, తరువాతి ఏడాది డబ్బులో మొదటి వాటా ఆ సందుకు కేటాయించే తీర్మానం అదే సభలో జరగాలి.