చీనీ తోటలో గడ్డి మిషన్ మొరాయిస్తే: ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి

అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటల్లో బ్రష్ కట్టర్‌కు, అంటే గడ్డి కోసే మిషన్‌కు, పని ఉండేది ఏడాదిలో కొన్ని నెలలే. ఇక్కడ పడే సుమారు 550 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడుతుంది. పాదుల చుట్టూ గరిక, తుంగ, వయ్యారిభామ లేచేది కూడా అప్పుడే. మిగతా కాలమంతా మిషన్ మోటారు షెడ్డు మూలన పడి ఉంటుంది, ట్యాంకులో మిగిలిన పెట్రోలుతో సహా. మొదటి వాన పడ్డాక తాడు లాగితే పలకదు. "పోయినేడు బాగనే కోసింది గదన్నా, ఇప్పుడేమొచ్చిందో" అని ఫోన్ వస్తుంది. వచ్చింది పెద్ద జబ్బేమీ కాదు. నా చేతికి వచ్చిన మిషన్లలో సగానికి పైగా ఊరికే పెట్టడం వల్ల చెడిపోయినవే.

ఒక్క మాట ముందే చెబుతాను. మిషన్ సరిగా తిరగకపోతే చాలామంది మొదట స్క్రూడ్రైవర్ తీసి కార్బొరేటర్ స్క్రూలు తిప్పుతారు. దయచేసి ఆ పని చేయకండి. నిన్నటిదాకా సరిగా ఉన్న స్క్రూ రాత్రికి రాత్రి దానంతటదే తిరగదు. పెట్రోలు, ప్లగ్, ఫిల్టర్లు ఈ వరుసలో చూసుకుంటూ వస్తే కార్బొరేటర్ దాకా పోయే అవసరం చాలాసార్లు రాదు. బ్లేడు దగ్గర చేయి పెట్టే ముందు ప్లగ్ క్యాప్ పీకేయండి. వేడి ఇంజన్‌లో పెట్రోలు పోయకండి.

తాడు ఎంత లాగినా స్టార్ట్ కాకపోతే

స్విచ్ ఆన్‌లో ఉందా చూడండి. అది మరిచిపోయి భుజం నొప్పి తెచ్చుకున్నవాళ్లను చూశాను.

తర్వాత ట్యాంకులోని పెట్రోలు మొత్తం తెల్లటి సీసాలోకి వంచి, కాసేపు కదపకుండా ఉంచండి. ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. నీరు ఎక్కువైతే ఆ రెండూ కలిసి అడుగుకు దిగుతాయి, ఆయిల్ కలిసిన పెట్రోలు పైన తేలుతుంది. ట్యాంకులో పైపు తల ఉండేది అడుగునే కాబట్టి ఇంజన్ ముందు తాగేది ఆ నీళ్లనే. సీసాలో రెండు పొరలు కనిపించినా, పాత పెయింటు వాసన వచ్చినా ఆ పెట్రోలు పనికిరాదు. కొంచెం కొత్త పెట్రోలుతో ట్యాంకు కడిగి, కొత్త మిశ్రమం పోయండి.

టూ స్ట్రోక్ మిషన్ (పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపేది) అయితే కొలత ముఖ్యం. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ (2T, టూ స్ట్రోక్ ఇంజన్ల) ఆయిల్, 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. కంటి అందాజుతో పోయవద్దు, మెడికల్ షాపులో దొరికే సిరంజి చాలు. వేరే క్యాన్‌లో బాగా కలిపాకే ట్యాంకులో పోయాలి.

అప్పటికీ పలకకపోతే ప్లగ్ విప్పండి. ప్లగ్ మొన తడిగా ఉంటే లోపల పెట్రోలు ఎక్కువైంది, అంటే చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి గాలిని తగ్గించే మీట) వేసి ఎక్కువసార్లు లాగారు. చోక్ తీసేసి, ప్లగ్ లేకుండానే రేస్ పూర్తిగా పట్టుకుని నాలుగైదుసార్లు తాడు లాగండి. ప్లగ్‌ను తుడిచి ఆరబెట్టి బిగించండి. మొన పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. ప్రైమర్ బల్బు (పెట్రోలు లాగడానికి వేలితో నొక్కే చిన్న బుడ్డ) నొక్కినప్పుడు అది నిండకపోతే పైపు పగిలిందో, ట్యాంకులోని చిన్న ఫిల్టర్ మూసుకుపోయిందో చూడాలి. ఎండకు, ఇథనాల్‌కు ఈ పైపులు గట్టిపడి పగుళ్లిస్తాయి.

నిప్పురవ్వ చూడాలంటే చిందిన పెట్రోలు పూర్తిగా ఆరనివ్వండి. ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగాన్ని ప్లగ్ రంధ్రానికి దూరంగా ఇంజన్‌కు ఆనించి తాడు లాగాలి. నీలం రవ్వ టపటపమంటే మంచిదే. రవ్వ లేకపోతే కొత్త ప్లగ్ పెట్టి చూడండి. సాధారణంగా ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. కొత్త ప్లగ్‌తోనూ రవ్వ రాకపోతే స్విచ్ వైరు ఎక్కడైనా నలిగి ఇంజన్‌కు తగులుతోందేమో చూసి, ఆ తర్వాతే రవ్వకు కరెంటు పుట్టించే కాయిల్‌ను అనుమానించండి.

స్లోలో బాగానే తిరిగి, రేస్ ఇస్తే ఆగిపోతే

ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది ఇదే. దీనికి చోక్‌తోనే పరీక్ష చేయొచ్చు. మిషన్ తిరుగుతుండగా చోక్ సగం వేయండి. దాంతో మెరుగ్గా తిరిగితే పెట్రోలు తక్కువ అందుతోంది, లేదా ఎక్కడో అదనపు గాలి లాగుతోంది. ట్యాంకు ఫిల్టర్ మార్చండి, పైపు చూడండి, కార్బొరేటర్ బోల్టులు వదులయ్యాయేమో బిగించండి. అప్పటికీ అంతే ఉంటే కార్బొరేటర్ లోపలి జాలీలో చెత్త చేరి ఉంటుంది, లేదా డయాఫ్రం అనే పల్చటి పొర అట్టలా గట్టిపడి ఉంటుంది. దాని కిట్ విడిగా దొరుకుతుంది, కార్బొరేటర్ మొత్తం మార్చనక్కర్లేదు.

ఈ లక్షణం ఉండగా చోక్ వేసుకునే ఎకరం కోసేద్దాం అనుకోవద్దు. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కు ఆయిల్ అందేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి పోతుంది.

చోక్ వేస్తే ఇంకా మొండికేస్తే ఎయిర్ ఫిల్టర్ విప్పండి. ఆషాఢం గాలులకు మన ఎర్రదుమ్ము ఎంత లేస్తుందో మీకు తెలుసు. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బునీళ్లలో పిసికి కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి పిండి పెట్టండి. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో నేను రోజూ సాయంత్రం విప్పి చూస్తాను. ఫిల్టర్ తీసేస్తే మిషన్ బాగా లాగుతుందని అలాగే నడిపేవాళ్లు ఉన్నారు. ఆ దుమ్ము లోపలికి పోయి బోర్‌ను, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడను, గీకేస్తుంది. అలా పోయిన బోర్ మళ్లీ రాదు.

పది నిమిషాలు తిరిగి ఆగిపోతే

నా మొదటి మిషన్‌కు ఈ బాధ వచ్చింది. మెకానిక్ షెడ్డులో ఇస్తే కార్బొరేటర్ మార్చారు, తోటకు తెచ్చాక మళ్లీ అంతే. చివరికి దోషం ట్యాంకు మూతలో దొరికింది. పెట్రోలు తగ్గేకొద్దీ లోపలికి గాలి రావడానికి ఆ మూతకో చిన్న దారి ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకు లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు కదలదు. మిషన్ ఆగిన తర్వాత మూత నెమ్మదిగా వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి లాగి, ఆ తర్వాత మిషన్ స్టార్ట్ అయితే కారణం అదే. మూత కడిగితే చాలు, లేకుంటే కొత్తది.

మూత బాగుంటే, ఆగిన వెంటనే రవ్వ చూడండి. చల్లగా ఉన్నప్పుడు రవ్వ వచ్చి, వేడెక్కాక రాకపోతే కాయిల్ పోయినట్టే. సిలిండర్ రెక్కల మధ్య గడ్డిపొట్టు ఇరుక్కున్నా ఇంజన్ మరీ వేడెక్కుతుంది, బ్రష్‌తో దులపండి.

బలం లేదు, పొగ ఎక్కువ

ఆయిల్ ఎక్కువ కలిపారా అని గుర్తుచేసుకోండి. తర్వాత సైలెన్సర్ చివరన జాలీ ఉంటే విప్పి చూడండి. కార్బన్ పట్టి మూసుకుపోతే ఇంజన్‌కు ఊపిరాడదు. వైరు బ్రష్‌తో గీకితే వదులుతుంది. ఫోర్ స్ట్రోక్ మిషన్ (ఆయిల్ విడిగా పోసేది) అయితే ఆయిల్ గీత దాటి పోశారేమో, జీపులో తప్పు పక్కకు పడుకోబెట్టి తెచ్చారేమో చూడాలి. అలా తెస్తే ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది.

రాయి తగిలాక అదిరితే వెంటనే ఆపి బ్లేడు మార్చండి. స్లోలోనే బ్లేడు తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ (స్లో వేగాన్ని సరిచేసేది) కొంచెం వదులు చేయండి. నేను ముట్టుకోమని చెప్పే ఒకే స్క్రూ ఇది. అప్పటికీ తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగ్ సాగి ఉంటుంది. తాడు లాగితే ఏ బిగువూ లేకుండా జారుతుంటే కంప్రెషన్ (సిలిండర్ లోపల గాలిని నొక్కే బలం) పోయింది, దాన్ని మెకానిక్‌కే ఇవ్వాలి.

పని ముగిసిన రోజు ట్యాంకు ఖాళీ చేసి, పైపులో ఉన్నది అయిపోయి దానంతటదే ఆగేదాకా తిప్పండి. చల్లారాక ప్లగ్ రంధ్రంలో నాలుగు చుక్కల టూటీ ఆయిల్ వేసి, తాడు నెమ్మదిగా రెండుసార్లు లాగి, ప్లగ్ బిగించి, గుడ్డ కప్పి పెట్టండి. వచ్చే జూన్‌లో కొత్త పెట్రోలు పోసి లాగండి.