చేలో కళ్ళెపు బిళ్ళ దొరికితే

తొలకరి వాన పడగానే రాయలసీమలోని వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం నేల చూస్తూ నడిచేవారికి ఒక్కోసారి కిలుము పట్టిన లోహపు ముక్క కాలికి తగలవచ్చు. విజయనగర రాజులు అరేబియా, పారశీక గుర్రాలను పడమటి రేవుల మీదుగా తెప్పించుకున్నారు. 1565 తరువాత పెనుకొండ వారి రాజధాని అయింది. ఆ తరువాతి కాలంలో గుత్తి కోట మరాఠా సర్దారు మురారిరావు చేతిలో ఉండేది. ఇన్ని గుర్రాలు తిరిగిన నేల కాబట్టి, ఆ ముక్క గుర్రపు కళ్ళేనికో జీను పట్టెకో తగిలించే అలంకారపు బిళ్ళ అయి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చకూడదు.

కనిపించిన వెంటనే పైకి తీయకండి. పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి ఉన్నచోటనే ఫోటో తీసి, ఆ తరువాత గట్టు, చెట్టు, బోరు కనిపించేలా దూరం నుంచి మరొకటి తీసి, ఫోన్‌లోని మ్యాపులో ఆ చోటును గుర్తుపెట్టుకోండి. నాగలి తిరగేసిన పైమట్టిలో ఉందా, దాని కిందనున్న కదలని గట్టి మట్టిలో ఉందా అన్నది తప్పక రాసుకోవాలి. గట్టి మట్టిలో ఉంటే దానితోపాటు పూడిన మరికొన్ని వస్తువులు అక్కడే ఉండవచ్చు. చుట్టూ గుండ్రంగా పేర్చిన పెద్ద రాళ్ళుంటే, అంటే మనవాళ్ళు రాక్షస గుళ్ళు అనే పాత సమాధులుంటే, అసలు ముట్టుకోకండి. నాగపూర్ దగ్గరి మాహుర్‌ఝరిలో అటువంటి సమాధుల్లోనే గుర్రాల ఎముకలతోపాటు ఇనుప కళ్ళేలు, ముఖానికి తొడిగిన రాగి అలంకరణలు బయటపడ్డాయి.

ఎక్కువ నష్టం జరిగేది ఇంటికి తెచ్చాకే. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమితే బిళ్ళ బంగారంలా మెరుస్తుంది, కానీ ఆ పులుపుకు కిలుముతోపాటు సన్నని చెక్కడపు గీతలూ పోతాయి. మా ఇంట్లో ఒక బిళ్ళను అలా తోమిన తరువాత, ముందురోజు ఫోటోలో కనిపించిన తామరరేకులు మళ్ళీ కనిపించలేదు. ఆ బాధతోనే ఇది ఇంత గట్టిగా చెబుతున్నాను. బిళ్ళను వెనక్కి తిప్పి, పట్టెకు తగిలించే కొక్కెం లోపల చూడండి: తోలు పట్టె ఒరిసిన అంచు ఒకవైపే అరిగి ఉంటుంది, రాగి లవణాలు పురుగును, కుళ్ళును అడ్డుకుంటాయి కనుక ఒక్కోసారి ఆ తోలు పోగే మిగిలి ఉంటుంది. తోమితే ముందు పోయేది అదే. మట్టితోనే పొడి కాగితంలో చుట్టి, చెప్పుల డబ్బాలో వచ్చే తేమ పీల్చే పొట్లం వేసి, మూతగల డబ్బాలో పెట్టండి. లేతాకుపచ్చ పొడి రాలుతుంటే తేమ తగిలి లోహం తినుకుపోతున్నదని అర్థం. ఆలస్యం చేయకుండా నిపుణులకు చూపించాలి.

1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి, పది రూపాయలకు మించి విలువచేసే వస్తువు దొరికితే, దాని స్వభావం, ఉజ్జాయింపు విలువ, దొరికిన చోటు, తేదీ రాసి కలెక్టరుకు తెలియజేయాలి. దాస్తే ఏడాది వరకు జైలు పడవచ్చు. యజమాని తేలని నిక్షేపంలో, వేరే ఒప్పందమేదీ లేకపోతే, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం సొంతదారుకు ఒక వంతు అని అదే చట్టం చెబుతోంది కనుక చేను సొంతదారుకు కూడా ముందే చెప్పడం మంచిది. గండికోట, గుత్తి కోట వంటి రక్షిత స్థలాల్లో మాత్రం తవ్వడమే నేరం. కలెక్టరుకిచ్చే అర్జీకి ఫోటోలు జతచేసి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి.