ఫోస్టర్ పేరెంట్ అవ్వాలనుకుంటున్నారా? అప్లై చేసే ముందు ఇది చదవండి

దత్తతకి కారా (దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ) పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న వాళ్లు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నది ఒకటే, ఫోస్టర్ కేర్‌లో (అంటే దత్తత కాకుండా పిల్లని కొంతకాలం మన ఇంట్లో పెంచడం) అయితే పిల్లలు తొందరగా వస్తారంట కదా, రెండేళ్లు పెంచితే దత్తత కూడా ఇచ్చేస్తారంట కదా అని. ఇందులో సగమే నిజం. మిగతా సగం తెలుసుకోకుండా అప్లై చేస్తే మీకూ కష్టమే, మీ ఇంటికొచ్చిన పిల్లకి అంతకంటే కష్టం, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

ఆ మిగతా సగం ఏంటంటే, ఫోస్టర్ కేర్‌లోకి వచ్చే పిల్లల్లో చాలామందికి సొంతవాళ్లు ఉంటారు. నాన్న జైల్లో ఉండొచ్చు, అమ్మకి మానసిక జబ్బు ఉండొచ్చు, ఇద్దరిలో ఒకరు పోయి ఉన్న ఒక్కరూ మంచం పట్టి ఉండొచ్చు, తాగుడో కొట్టడమో భరించలేక పిల్లని అధికారులే బయటికి తీసుకొచ్చి ఉండొచ్చు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 44 ఇలాంటి పిల్లల కోసమే, అనాథ పిల్లల హోమ్‌లో పెరిగే బదులు ఒక ఇంట్లో పెరగనివ్వండి, వాళ్లవాళ్లు కోలుకుంటే తిరిగి పంపిద్దాం అని. అంటే మీరు పెంచేది ఒకరోజు వెళ్లిపోవచ్చని తెలిసీ పెంచడం. ఇది ఒప్పుకోగలిగితేనే మిగతాది చదవండి, లేదంటే దత్తత లైన్‌లోనే ఉండండి, అందులో తప్పేం లేదు.

మరి ఆ రెండేళ్ల మాట ఎక్కడిది అంటే, 2024లో కేంద్రం ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు మార్చింది, అంతకుముందు పిల్లని ఐదేళ్లు పెంచాక దత్తత అడిగే వీలుండేది, దాన్ని రెండేళ్లకి తగ్గించారు. కానీ ఆ పిల్ల చట్టప్రకారం దత్తతకి ఫ్రీ అయి ఉండాలి, ఆ మాట చెప్పాల్సింది సీడబ్ల్యూసీ, అంటే జిల్లా బాలల సంక్షేమ సమితి. తల్లి బతికుండి, నయమై, నా పిల్ల నాకు కావాలి అంటే మీ రెండేళ్లు లెక్కలోకి రావు. పైగా దత్తతకి ఇవ్వదగిన పిల్లల్ని లాంగ్ టర్మ్ ఫోస్టర్ కేర్‌లో పెట్టకూడదని అదే సెక్షన్‌లో ఉంది. దత్తతకి ఫ్రీ అయినా వయసు ఎక్కువనో, ఆరోగ్య సమస్య ఉందనో ఏ కుటుంబం ముందుకు రాని పిల్లల విషయంలో మాత్రం ఫోస్టర్ దారి తెరిచే ఉంది. చంటిపిల్ల కోసం చూస్తున్నవాళ్లకి ఇది దారే కాదు, ఇక్కడ పిల్లలు ఆరేళ్లు దాటినవాళ్లు, 18 దాకా ఉంటారు.

ఎవరు తీసుకోవచ్చు

భార్యాభర్తలైతే పెళ్లై కనీసం రెండేళ్లు అయ్యుండాలి, ఇద్దరి వయసూ కలిపితే 70 ఏళ్లకి తగ్గకూడదు. పెళ్లి కానివాళ్లు, భర్తో భార్యో పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు కూడా 2024 నుంచి అర్హులే, 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండాలి. ఒంటరి ఆడవాళ్లు అబ్బాయినైనా అమ్మాయినైనా తీసుకోవచ్చు, ఒంటరి మగవాళ్లకి మాత్రం అబ్బాయినే ఇస్తారు. మతం అడ్డు కాదు. సొంత పిల్లలు ఉన్నా ఇబ్బంది లేదు. భారతీయ పౌరులై ఉండాలి, క్రిమినల్ కేసుల్లో శిక్ష పడి ఉండకూడదు, మెడికల్ టెస్టుల్లో హెచ్ఐవీ, టీబీ, హెపటైటిస్ బీ చూస్తారు, ఇల్లు గడవడానికి సరిపడా ఆదాయం, పిల్ల పడుకోడానికి చదువుకోడానికి చోటు ఉండాలి. సొంత ఇల్లే ఉండాలనేం లేదు, అద్దె ఇల్లైతే ఓనర్‌కి ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి, తర్వాత గొడవ ఉండదు.

నన్నడిగితే దీనికి బాగా సూటయ్యేది నలభై అయిదు, యాభై ఏళ్ల జంటలు, పిల్లలు ఇంజనీరింగ్‌కని హాస్టల్‌కి వెళ్లిపోయి ఒక రూమ్ ఖాళీగా ఉన్నవాళ్లు. ఎందుకంటే వాళ్లకి పిల్లని పెంచడం వచ్చు, ఈ పిల్ల నన్ను అమ్మా అని పిలవాలి అనే ఆకలి తక్కువ. అత్తా, పెద్దమ్మా, ఆంటీ, పిల్లకి ఏది నోటికొస్తే అదే పిలవనివ్వగలరు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి పిల్లని ఫోస్టర్ చేస్తాం అంటే కుదరదు, ప్రతి నెలా ఇంటికొచ్చి చూడాలి కాబట్టి మీరిక్కడే ఉండాలి.

అప్లై చేయడం

మీ జిల్లా డీసీపీయూకి వెళ్లండి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం, మహిళాభివృద్ధి శిశు సంక్షేమ శాఖ కిందే ఉంటుంది, జనం ఐసీడీఎస్ ఆఫీసు అంటారు చూడండి అక్కడ అడిగితే దారి చెప్తారు. అదీ తెలీకపోతే మీ వీధి అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి, ఆవిడ సూపర్‌వైజర్‌కి చెప్పి నంబర్ ఇప్పిస్తుంది. కారా పోర్టల్‌లో కూడా ఫోస్టర్ కేర్‌కి వేరేగా రిజిస్ట్రేషన్ పెట్టారు, ఆన్‌లైన్‌లో చేసినా సరే ఒకసారి ఆఫీసుకి వెళ్లి మొహం చూపించి రండి, మన దగ్గర ఫైల్ కదలాలంటే అదే మంచిది. ఆధార్, పాన్, పెళ్లి సర్టిఫికెట్, ఆదాయం చూపించే కాగితాలు, మెడికల్ రిపోర్టులు, మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరి వివరాలు రెడీగా పెట్టుకోండి. పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది, కానిస్టేబుల్ ఇంటికొచ్చాడని పక్కింటివాళ్లు కంగారు పడతారు, ముందే చెప్పేస్తే సరి.

ఆ తర్వాత హోమ్ స్టడీ. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి మాట్లాడతారు, ఇదే అసలు పరీక్ష. ఇల్లంతా సర్ది, కొత్త దుప్పట్లు పరిచి, స్వీట్లు పెట్టి మేనేజ్ చేద్దాం అనుకోకండి, వాళ్లు చూసేది అది కాదు. ఎందుకు తీసుకోవాలనుకుంటున్నారు, మీ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ ఇష్టం, ఇంట్లో పెద్దావిడ ఏమంటోంది, కోపం వస్తే ఏం చేస్తారు, పిల్ల సొంత తల్లి వచ్చి కలిస్తే మీకెలా ఉంటుంది, ఇలాంటివి అడుగుతారు. భార్యాభర్తల్ని విడివిడిగా మాట్లాడించడం, పిల్లలుంటే వాళ్లని కూడా అడగడం మామూలే. ఇంట్లో పనికి కాస్త సాయంగా ఉంటుంది అనే మాట ఒక్కటి దొర్లిందంటే ఫైల్ అక్కడితో ఆగిపోతుంది, ఆగాలి కూడా, మన దగ్గర "కూతుర్లా చూసుకుంటాం" అని ఊరి నుంచి పిల్లని తెచ్చి అంట్లు తోమించే ఇళ్లు ఎన్ని చూడలేదు.

ఇంట్లో ఒప్పించాల్సింది మొగుడూ పెళ్లాలనే కాదు. అత్తగారు "కులం ఏంటో కనుక్కున్నావా" అని అడుగుతారు, తోడికోడలు "రేపు ఆస్తి అడిగితే" అంటుంది. ఆస్తి గురించైతే భయం అక్కర్లేదని చెప్పండి, ఫోస్టర్ పిల్లకి మీ ఆస్తిలో వారసత్వ హక్కు రాదు, ఇంటిపేరు మారదు. కులం అడిగినవాళ్లకి మాత్రం నా దగ్గర సమాధానం లేదు, ఆ ప్రశ్న పిల్ల ముందు రాకుండా చూసుకునే బాధ్యత మీదే, అది చేయలేం అనిపిస్తే ఇంకొన్నాళ్లు ఆగండి.

రిపోర్ట్ బాగుంటే మీ పేరు స్పాన్సర్‌షిప్, ఫోస్టర్ కేర్ అప్రూవల్ కమిటీకి వెళ్తుంది. ఇంకోపక్క పిల్ల గురించి చైల్డ్ స్టడీ రిపోర్ట్ ఉంటుంది, రెండూ చూసి జత కుదురుస్తారు, వీలైనంత వరకు పిల్ల భాష, ఊరు, అలవాట్లు కలిసే ఇల్లు చూస్తారు, అన్నాచెల్లెళ్లుంటే విడదీయకూడదు కాబట్టి ఒక్కరిని అడిగితే ఇద్దరు రావచ్చు. పిల్ల ఇష్టం కూడా అడుగుతారు, వద్దంటే వద్దే. ముందు ఒకట్రెండుసార్లు కలిపించి, కుదిరింది అనుకున్నాక సీడబ్ల్యూసీ ఆర్డర్ ఇస్తుంది, మీరు హామీపత్రం మీద సంతకం పెట్టాలి. ఏడాది లోపు అయితే షార్ట్ టర్మ్, దాటితే లాంగ్ టర్మ్, ఎలా నడుస్తోందో చూసి 18 ఏళ్లు వచ్చేదాకా పొడిగించవచ్చు. ఆ ఆర్డర్ కాపీ జాగ్రత్త, స్కూల్ అడ్మిషన్‌కి, హాస్పిటల్‌కి అన్నింటికీ అదే ఆధారం.

డబ్బు సంగతి చిన్నగా చెప్పేస్తా. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఒక్కో పిల్లకి నెలకి 4000 రూపాయలు ఇస్తారు. అది పిల్ల ఖర్చుకి, స్కూల్ ఫీజు వ్యాన్ ఫీజు లెక్కేసుకుంటే ఎక్కడికి సరిపోతుందో మీకే తెలుసు, కాబట్టి ఆ డబ్బు లేకపోయినా నడపగలం అనుకుంటేనే దిగండి.

పిల్ల ఇంటికొచ్చాక

మొదటి వారం పదిరోజులు చాలా బుద్ధిగా ఉంటుంది, చూసి మురిసిపోకండి, అది భయం. ఆ తర్వాత మొదలవుతుంది అసలు సంగతి. బిస్కెట్లు తలగడ కింద దాచుకోవడం, అడగకుండా తీసుకోవడం, పక్క తడపడం, చిన్న మాటకి పెద్ద ఏడుపు, అబద్ధాలు. హోమ్‌లో గంట కొడితే తినాలి, మిస్సయితే లేదు, అలా పెరిగిన పిల్ల మీ ఫ్రిజ్‌ని నమ్మడానికి టైమ్ పడుతుంది. దొంగతనం అని పేరు పెట్టకండి, ఒక డబ్బాలో మురుకులో అరటిపండో పెట్టి ఇది నీదే, అడగక్కర్లేదు అని చెప్పండి. కొట్టడం, తిండి మాన్పించడం, "మళ్లీ హోమ్‌లో వదిలేసి వస్తా" అని బెదిరించడం అసలు వద్దు. మొదటి రెండూ చట్టం దాకా వెళ్తాయి, మూడోది అంతకంటే లోతుగా దిగుతుంది, ఎందుకంటే ఆ పిల్లని ఇంతకుముందు నిజంగానే ఎవరో వదిలేశారు. చేయి దాటుతోంది అనిపిస్తే డీసీపీయూలో కౌన్సెలర్ సాయం అడగండి, అడిగితే చెడ్డ పేరొస్తుందని దాచిపెట్టేవాళ్ల దగ్గరే చివరికి పిల్ల ఆ ఇంట్లో నిలబడకుండా పోతుంది.

సొంత తల్లిదండ్రులు వచ్చి చూసిపోయే హక్కు ఉంటుంది, సీడబ్ల్యూసీ వద్దంటే తప్ప. వాళ్లు వచ్చి వెళ్లిన రాత్రి పిల్ల అన్నం తినదు, మీ మీద అరుస్తుంది, మీకు వాళ్ల మీద కోపం వస్తుంది, ఆ కోపం పిల్ల ముందు ఒక్క మాటగా కూడా బయటికి రానివ్వకండి. తాగుబోతు నాన్నే కావచ్చు, పిల్లకి మాత్రం నాన్నే.

ప్రతి నెలా ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, చట్టంలోనే రాసి ఉంది, అవమానంగా తీసుకోకండి, పిల్లతో విడిగా మాట్లాడనివ్వండి. ఊరెళ్లాలన్నా, వేరే రాష్ట్రం టూర్ అన్నా, ఇల్లు మారినా ముందే చెప్పండి. పెద్ద ఆపరేషన్, పాస్‌పోర్ట్ లాంటివి మీ ఒక్కరి సంతకంతో అవ్వవు, చట్టప్రకారం మీరు పిల్లని చూసుకునేవాళ్లు మాత్రమే, సీడబ్ల్యూసీని అడగాలి. మతం మార్చడం, పేరు మార్చడం మీ చేతిలో పని కాదు.

ఫోటోలు. ఇది చాలామందికి తెలీదు, సంక్రాంతికి పట్టులంగా వేసి ముగ్గు దగ్గర నిలబెట్టి స్టేటస్ పెట్టేస్తారు. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం అటుంచితే, ఏ మనిషి నుంచి పిల్లని కాపాడటానికి బయటికి తెచ్చారో ఆ మనిషి కూడా ఫేస్‌బుక్‌లో ఉంటాడు. తీసుకోండి ఫోటోలు, ప్రింట్ వేయించి ఒక ఆల్బమ్‌లో పెట్టండి, పిల్ల వెళ్లిపోతే దాంతోపాటే పంపించండి, చిన్నప్పటి ఫోటో ఒక్కటి కూడా లేకుండా పెరిగే పిల్లలే ఎక్కువ వీళ్లలో.

వెళ్లిపోయే రోజు హఠాత్తుగా రాదు, ముందు కలవడాలు పెరుగుతాయి, ఒక్కోసారి సెలవులకి పంపిస్తారు, తర్వాత ఆర్డర్ వస్తుంది. స్కూల్ టీసీ, టీకాల కార్డు, మార్కుల లిస్టులు, ఏ మందు పడదో, ఏ కూర ఇష్టమో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. 18 నిండిన పిల్లలకి ఆఫ్టర్ కేర్ అని 21 ఏళ్ల దాకా సాయం ఉంటుంది, పదహారు దాటగానే దాని గురించి డీసీపీయూలో అడగడం మొదలుపెట్టండి.

తప్పుదారులు, చిన్న దారులు

"ఇద్దరు పిల్లలు అనాథలయ్యారు, కావాల్సినవాళ్లు ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని కోవిడ్ టైమ్‌లో వాట్సాప్‌లో ఎన్ని తిరిగాయో గుర్తుందా, ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ దారిలో వెళ్తే అదే చట్టం సెక్షన్ 80 కింద మూడేళ్ల దాకా జైలు, డబ్బు చేతులు మారితే సెక్షన్ 81 కింద ఐదేళ్ల దాకా. 2024లో హైదరాబాద్ శివార్లలో మేడిపల్లి కేసు చూశారుగా, ఢిల్లీ, పుణె నుంచి తెచ్చి అమ్మిన పసిపిల్లల్ని రాచకొండ పోలీసులు కొన్నవాళ్ల ఇళ్ల నుంచి తీసుకెళ్లిపోయారు. నర్సు చెప్పింది, ఆర్ఎంపీ చెప్పాడు అంటే నమ్మకండి. పిల్ల ఎక్కడైనా ఒంటరిగా కనబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, 24 గంటల్లోపు చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి, ముందు మన ఇంట్లో ఉంచుకుని చూద్దాంలే అనేది కుదరదు.

ఇంకోటి, అమ్మమ్మో మేనమామో ఇప్పటికే పిల్లల్ని పెంచుతుంటే వాళ్లకి ఫోస్టర్ కేర్ గొడవే అక్కర్లేదు, స్పాన్సర్‌షిప్‌కి, అంటే సొంతవాళ్ల దగ్గరే పెరిగే పిల్లకి ఇచ్చే నెలవారీ సాయానికి అప్లై చేయించండి, అదీ నెలకి 4000. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, మిగతాచోట్ల 96,000 దాటకూడదు. భర్త పోయిన తల్లి దగ్గరున్న పిల్లలకి కూడా ఇది వర్తిస్తుంది. మీ వీధిలో అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది, ఆధార్, డెత్ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్, స్టడీ సర్టిఫికెట్ పట్టించి ఆ అమ్మమ్మని డీసీపీయూకి తీసుకెళ్లండి, మీ ఫోస్టర్ అప్లికేషన్ ఇవ్వడానికి ఎలాగూ వెళ్తున్నారు కదా, రెండూ ఒకే ఆఫీసు.