పాత రైల్వే షెడ్డు కూల్చే ముందు ఏం చూడాలి

సికింద్రాబాద్‌లోని లాలాగూడ లాంటి పాత రైల్వే వర్క్‌షాపుల చుట్టుపక్కల ఏదైనా షెడ్డు తీసేసి కొత్తది కడతారని తెలిస్తే, ముందు పర్మిషన్ తీసుకుని లోపలికెళ్లి స్తంభాలు చూడండి. ఆ రోజుల్లో పాత రైలు పట్టాలనే స్తంభాలుగా, దూలాలుగా వాడేసేవారు. పట్టా పక్కవైపు దుమ్ము గుడ్డతో మెల్లగా తుడిస్తే (వైరు బ్రష్ మాత్రం వద్దు) ఉబ్బెత్తు అక్షరాల్లో తయారీ కంపెనీ పేరు, సంవత్సరం బయటపడొచ్చు. అయితే అది పట్టా వయసే తప్ప భవనం వయసు కాదు, ఎందుకంటే లైన్లో ఏళ్ల తరబడి అరిగాకే దాన్ని పీకి ఇక్కడ నిలబెట్టి ఉంటారు.

ఎన్.జి.ఎస్.ఆర్. అని ఎక్కడైనా కనిపిస్తే వెంటనే ఫోటో తీయండి. అది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే గుర్తు, ఆ కంపెనీని నిజాం ప్రభుత్వం 1930లో తీసేసుకుంది.

గోడ కట్టింది సున్నంతోనా, సిమెంటుతోనా? అదీ రాసుకోండి.

తర్వాత రిటైరైన ఫిట్టర్లను, ఖలాసీలను (వాళ్లకు సాయంగా పనిచేసినవాళ్లను) కలవండి. ఏ షెడ్డులో ఏ పని జరిగేదో, ఇంజన్ కింద దిగే గుంత ఎక్కడ పూడ్చేశారో వాళ్లకే తెలుసు, నా దృష్టిలో ఇదే అసలు సాక్ష్యం. ఇదంతా కొత్త షెడ్డు డిజైన్ దశలోనే కట్టించేవాళ్లకు రాసివ్వండి, టెండర్ పిలిచాక మార్పులు చేయించడం చాలా కష్టం.